పసిపిల్లలకు పాటీ అలవాటు చేయడం ఎలా

డైపర్ మాన్పించాలని నిశ్చయించుకున్న తల్లిదండ్రులు సాధారణంగా మొదట చేసే పని, బజారుకు వెళ్ళి రంగురంగుల పాటీ కుర్చీ ఒకటి కొనుక్కురావడం. కుర్చీ అవసరమే గాని, అంతకంటే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. బిడ్డ శరీరం ఇందుకు సిద్ధంగా ఉందా అన్నది మొదటిది. బిడ్డకు విరేచనం నొప్పి లేకుండా మెత్తగా అవుతోందా అన్నది రెండోది. ఈ రెండోదాన్ని మన ఇళ్ళలో దాదాపుగా ఎవరూ పట్టించుకోరు. నెలల తరబడి సాగే ఏడుపులకూ పేచీలకూ చాలాసార్లు మూలం అక్కడే ఉంటుందని నా గట్టి నమ్మకం కనుక, కింది వివరాల్లో దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సమయం వచ్చిందని గుర్తించడం

చాలామంది పిల్లల్లో సంసిద్ధత 18 నెలల నుంచి 3 ఏళ్ళ లోపు ఎప్పుడైనా కనిపించవచ్చు. సగటున ఆడపిల్లలు మగపిల్లల కంటే కొద్ది నెలలు ముందుంటారు, అయితే మీ బిడ్డ విషయంలో ఈ సగటుకు పెద్దగా విలువ లేదు. వయసు లెక్క కంటే మీరు గమనించవలసినవి బిడ్డ చేష్టలు. పగటిపూట వరుసగా 2 గంటలైనా డైపర్ పొడిగా ఉంటోందంటే మూత్రాశయం కాస్త నిలవబెట్టుకోగలుగుతోందని అర్థం. రెండేళ్ళ బిడ్డ మూత్రాశయంలో పట్టేది సుమారు 120 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుకు కాస్త ఎక్కువ. కాబట్టి అంతకు మించిన ఓర్పును ఆ శరీరం నుంచి ఆశించకూడదు. మలవిసర్జనకు ముందు తలుపు చాటుకో మంచం వెనక్కో వెళ్ళి నిలబడటం, తడిసిన డైపర్‌ను చిరాగ్గా పట్టి లాగడం, ఎవరి సాయం లేకుండా గొంతుక్కూర్చుని లేవగలగడం, నిక్కరు కిందికి లాక్కోవడానికి ప్రయత్నించడం, ‘నీ చెప్పులు తీసుకురా’ అంటే అర్థం చేసుకుని తేవడం వంటివి మిగిలిన గుర్తులు. ఇవన్నీ ఒకేసారి కనిపించాలని లేదు, సగానికి పైగా కనిపిస్తే మొదలుపెట్టవచ్చు.

బిడ్డ సిద్ధమయ్యేదాకా ఆగాలన్న పద్ధతికి శిశువైద్యంలో గట్టి పునాది వేసినవారు అమెరికా వైద్యుడు టి. బెర్రీ బ్రేజల్టన్. ఆయన 1,170 మంది పిల్లల వివరాలతో 1962లో ప్రచురించిన అధ్యయనంలో, పగటి అలవాటు పూర్తయిన సగటు వయసు 28.5 నెలలు. ఫిలడెల్ఫియా పరిసరాల పిల్లలపై 2003లో వెలువడిన మరో అధ్యయనం ఇంకొక సంగతి చెప్పింది: 27 నెలల కంటే ముందే గట్టిగా శిక్షణ మొదలుపెట్టిన ఇళ్ళలో పిల్లలు దాన్ని ముందుగా ముగించలేదు, శిక్షణ సాగిన కాలం మాత్రం ఎక్కువైంది. మీరు తొందరపడి పొందేది ఏమీ ఉండదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే మీ ఇంట్లో అమ్మమ్మగారో నానమ్మగారో, ‘మా పిల్లలకు ఏడాది నిండకుండానే అలవాటైపోయింది’ అని అంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, పాదాల మధ్య పసిబిడ్డను కూర్చోబెట్టి, ‘స్స్‌’ అని శబ్దం చేస్తూ వేళకు పోయించడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న పద్ధతి. పాలు తాగిన కాసేపటికి పేగులు కదులుతాయన్న సంగతిని ఆ తల్లులు అనుభవంతో పట్టుకున్నారు. అక్కడ వేళ తెలుసుకున్నది తల్లి. పిలుపు గుర్తించి తానే వెళ్ళడం బిడ్డ నేర్చుకునేది మరికొంత కాలానికి. పగలంతా బిడ్డ దగ్గర మనిషి ఉండి, పాత చీర గుడ్డలు, నీళ్ళు, పెరడు అందుబాటులో ఉన్న ఇంటికి ఆ పద్ధతి చక్కగా అమరింది. మీ ఇంట్లో పెద్దవారు ఇప్పటికీ అలా చేస్తానంటే, బిడ్డను బలవంతంగా పట్టి ఉంచనంతవరకు అడ్డు చెప్పనక్కరలేదు, ఆ పరిచయం తర్వాత మీకు పనికొస్తుంది. కానీ ఆ వయసును మీ బిడ్డకు గడువుగా పెట్టుకోకండి.

ఇంట్లో రెండో కాన్పు దగ్గరపడినప్పుడు, ఇల్లు మారుతున్నప్పుడు, బిడ్డకు జ్వరమో విరేచనాలో తగ్గి వారమైనా కానప్పుడు, సంక్రాంతికో పెళ్ళికో ఊరు ప్రయాణం పెట్టుకున్నప్పుడు మొదలుపెట్టవద్దు. మన ప్రాంతంలో వీలైతే వేసవి మంచి కాలం: బిడ్డను డైపర్ లేకుండా తిప్పవచ్చు, తడిసిన బట్టలు గంటలో ఆరతాయి. ఎడతెరిపి లేని వానల్లో రోజుకు పది నిక్కర్లు ఆరబెట్టలేక ఇంటిల్లిపాదీ విసిగిపోతారు, ఆ విసుగు చివరకు బిడ్డ మీదికే మళ్ళుతుంది.

మొదలుపెట్టే ముందు విరేచనాన్ని చక్కదిద్దడం

శిక్షణకు కనీసం రెండు వారాల ముందు నుంచి బిడ్డ విరేచనాన్ని శ్రద్ధగా గమనించండి. మెత్తగా, అరటిపండు ఆకారంలో, ఏడుపు లేకుండా అవుతోంటే మీరు ముందుకు వెళ్ళవచ్చు. మేక పెంటికల్లా ఉండలు ఉండలుగా అవుతున్నా, వారానికి రెండుసార్లు మాత్రమే అవుతున్నా, అయ్యేటప్పుడు బిడ్డ ముఖం ఎర్రబడి ఏడుస్తున్నా, పాటీ సంగతి పక్కన పెట్టి ముందు మలబద్ధకాన్ని తగ్గించాలి.

దీనికి కారణం వివరంగా తెలుసుకోవడం మంచిది. గట్టి మలం ఒకసారి నొప్పి పెట్టిందంటే, పసిబిడ్డ తర్వాతిసారి అది రాకుండా బిగబట్టుకుంటుంది. బిగబట్టిన కొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చుకుంటుంది, మలం ఇంకా గట్టిపడి లావవుతుంది, మలద్వారం దగ్గర చర్మం చిట్లవచ్చు, దాంతో భయం రెట్టింపవుతుంది. చాలా రోజులు ఇలా సాగితే పురీషనాళం (మలద్వారానికి ముందు మలం నిలిచే పేగు భాగం) సాగిపోయి, మలం నిండిందన్న స్పర్శే మందగిస్తుంది. అప్పుడు గడ్డకట్టిన మలం పక్కనుంచి పలచటి మలం జారి నిక్కరుకు అంటుతుంది. పెద్దవాళ్ళు దాన్ని విరేచనాలనుకుని పెరుగన్నం పెడుతూ కూర్చుంటారు, లేదా బిడ్డ మొండితనంతో బట్టల్లో పోతోందనుకుని కోప్పడతారు. కాళ్ళు బిగించి, మునివేళ్ళ మీద నిలబడి, కుర్చీ పట్టుకుని వణుకుతున్న బిడ్డను చూసి ముక్కుతోందని అనుకుంటాం గాని, చాలాసార్లు ఆ బిడ్డ మలాన్ని బయటికి రాకుండా ఆపుకుంటోంది. ఇటువంటి స్థితిలో ఉన్న బిడ్డను పాటీ మీద కూర్చోబెడితే, ఆ కుర్చీని నొప్పితో ముడిపెట్టుకుంటుంది, ఆ ముడి విప్పడం చాలా కష్టం.

సరిదిద్దడం ఆహారంతో మొదలవుతుంది. రెండేళ్ళు దాటినా సీసాతో రోజుకు లీటరు పాలు తాగే పిల్లలు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. పాలతో కడుపు నిండిపోవడం వల్ల అన్నం, కూర, పండు లోపలికి వెళ్ళవు. ఈ వయసులో పాలు రోజుకు అర లీటరు దాటకుండా చూసి, సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి. తోటకూర పప్పు, పాలకూర పప్పు, సొరకాయ, బీరకాయ, బాగా పండిన బొప్పాయి, సపోటా, ఉడికించిన చిలగడదుంప రోజువారీ భోజనంలో ఉండేలా చూడండి. కిస్‌మిస్ పెట్టేటట్టయితే నానబెట్టి, చిదిమి పెట్టాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. మైదా బిస్కట్లు తగ్గించండి. నీళ్ళు ఒకేసారి తాగించకుండా, ఆట మధ్యలో కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి. వారం పది రోజుల్లో మార్పు రాకపోతే శిశువైద్యుణ్ణి కలవండి; మలాన్ని మెత్తబరిచే మందులు పిల్లలకు తగిన మోతాదులో ఉన్నాయి, అవసరమైతే వాటిని కొన్ని నెలలపాటు కూడా వాడమంటారు, మధ్యలో సొంతంగా ఆపేయకూడదు. తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం వంటివి దయచేసి చేయవద్దు. అప్పటికి పని జరిగినట్టు కనిపిస్తుంది గాని, చర్మం ఒరుసుకుపోవడమే కాక, ఆ చోట చేయి వేయడమంటేనే బిడ్డ హడలిపోతుంది.

సామగ్రి, ఇంటి ఏర్పాట్లు

నేల మీద పెట్టే చిన్న పాటీ కుర్చీ మొదటి రోజులకు అన్నిటికంటే అనువైనది. కూర్చున్నప్పుడు బిడ్డ రెండు పాదాలూ నేలకు ఆనాలి, మోకాళ్ళు నడుము కంటే కొంచెం ఎత్తులో ఉండాలి; కాళ్ళు గాలిలో వేలాడితే మలం బయటికి నెట్టడానికి పట్టు దొరకదు. పాటలు పాడే, లైట్లు వెలిగే కుర్చీలకు డబ్బు దండగ. పెద్దల కమోడ్ మీద కూర్చోబెట్టదలిస్తే, దాని మీద అమర్చే చిన్న సీటుతో పాటు కాళ్ళ కింద పీట కూడా తప్పనిసరి. మీ ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే అది లోపమేమీ కాదు, గొంతుక్కూర్చోవడం మలవిసర్జనకు సహజమైన భంగిమ. కాకపోతే పాదాలు పెట్టే మెట్లు పెద్దల కొలతలకు కట్టి ఉంటాయి, బిడ్డ కాళ్ళు అంత వెడల్పుకు చాలవు, లోపలి రంధ్రం చూస్తే భయం వేస్తుంది. అందువల్ల మొదట కొన్ని నెలలు పాటీలోనే కానిచ్చి, మలాన్ని మరుగుదొడ్డిలో పోసి నీళ్ళు కొట్టండి. ఆ తర్వాత మీరు ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకుని అలవాటు చేయవచ్చు.

నడుముకు ఎలాస్టిక్ ఉన్న వదులైన నిక్కర్లు పది దాకా సిద్ధం చేసుకోండి. బొత్తాలు, జిప్పులు, భుజాల మీదికి పట్టీలున్న బట్టలు ఈ రోజుల్లో వద్దు. పరుపు మీదికి రబ్బరు షీటు, సోఫా మీదికి పాత దుప్పటి, తుడవడానికి విడిగా గుడ్డలు కావాలి.

బట్టల కంటే ముఖ్యమైన ఏర్పాటు ఇంట్లో మనుషుల మధ్య జరగాలి. తల్లి ఒక మాట, నానమ్మ ఒక మాట, చూసుకునే ఆయా ఇంకొక మాట వాడితే బిడ్డకు అయోమయంగా ఉంటుంది. ఒంటికి ఏ మాట వాడాలో, రెంటికి ఏ మాట వాడాలో అందరూ కూర్చుని నిర్ణయించుకుని, అవే వాడండి. ప్లేస్కూలుకు వెళ్ళే బిడ్డయితే అక్కడి టీచర్‌కూ చెప్పండి. మీరు ఉద్యోగానికి వెళ్ళాక పని తప్పుతుందని ఆయా పగలంతా డైపర్ వేసి, మీరు వచ్చే వేళకు తీసేసే పరిస్థితి ఉంటే శిక్షణ నిలవదు. ఆమెకు అదనపు ఉతుకుడు పడుతుందన్న సంగతి గుర్తించి, ఆ బట్టల బాధ్యత మీరు తీసుకోవడమో, ఆమె పనికి తగిన ప్రతిఫలం ఇవ్వడమో న్యాయం. మొదటి మూడు నాలుగు రోజులు తల్లిదండ్రుల్లో ఒకరు సెలవు పెట్టుకుని ఇంట్లో ఉండగలిగితే చాలా మేలు. ఆ ఒకరు ప్రతిసారీ తల్లే కానక్కరలేదు.

మొదటి రోజుల క్రమం

కుర్చీ తెచ్చిన వెంటనే పని మొదలుపెట్టకండి. నాలుగైదు రోజులు దాన్ని బిడ్డ ఆడుకునే చోటికి దగ్గరలో ఉంచి, బట్టలతోనే కూర్చుని లేవనివ్వండి. డైపర్‌లో మలం అయినప్పుడు బిడ్డను వెంట తీసుకెళ్ళి దాన్ని పాటీలో వేసి చూపించి, అది వెళ్ళవలసిన చోటు ఇదని చెప్పండి. భయపడని పిల్లలైతే మరుగుదొడ్డిలో నీళ్ళు కొట్టే పని వారికే ఇవ్వండి. ఫ్లష్ శబ్దానికి హడలిపోయే పిల్లలైతే వారు బయటికి వెళ్ళాక కొట్టండి.

తర్వాత ఒక ఉదయం నుంచి పగటి డైపర్‌ను పూర్తిగా తీసేయండి. రోజులో కొన్ని వేళలు స్థిరంగా పెట్టుకోండి: నిద్ర లేవగానే, ప్రతి భోజనం తర్వాత 15 నుంచి 30 నిమిషాల లోపు, స్నానానికి ముందు, బయటికి వెళ్ళే ముందు, పడుకునే ముందు. భోజనం తర్వాతి వేళకు ప్రత్యేకమైన విలువ ఉంది, ఎందుకంటే కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం శరీరంలో సహజంగా జరిగే చర్య. ఉదయం ఫలహారం తర్వాత అది మరింత బలంగా ఉంటుంది. వీటి మధ్య గంటన్నర, రెండు గంటలకు ఒకసారి గుర్తు చేస్తే సరిపోతుంది. పావుగంటకోసారి లాక్కెళ్ళే ఇళ్ళలో మూత్రాశయం నిండిన అనుభూతి బిడ్డకు తెలిసే అవకాశమే దొరకదు.

‘వస్తోందా?’ అని అడిగితే ఆటలో ఉన్న ఏ బిడ్డయినా లేదనే అంటుంది. అందుకే అడగడం మాని, ‘ఇప్పుడు పాటీ వేళయింది, వెళ్ళొచ్చి మళ్ళీ ఆడుకుందువుగాని’ అని చెప్పి చేయి అందించండి. మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. ఏమీ కాకపోతే లేవనివ్వండి, లేస్తానంటే అంతకంటే ముందే లేవనివ్వండి, పట్టి కూర్చోబెట్టవద్దు. చేతికి ఫోను ఇస్తే బిడ్డ అరగంటైనా కదలకుండా కూర్చుంటుంది, కానీ ధ్యాస తెర మీద ఉండటం వల్ల శరీరం చెప్పే కబురు వినిపించదు. చిన్న కథో, పాటో చాలు.

మగపిల్లలకు కూడా మొదట కూర్చుని పోయడమే నేర్పండి, ఎందుకంటే ఒంటికీ రెంటికీ తేడా ఇంకా స్పష్టంగా తెలియని రోజులవి. నిలబడి పోయడం తర్వాత తండ్రిని చూసి సులువుగా నేర్చుకుంటారు. ఆడపిల్లలను కడిగేటప్పుడు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి చేయి పోనివ్వాలి. వెనక నుంచి ముందుకు కడిగితే మలంలోని సూక్ష్మజీవులు మూత్రమార్గంలోకి చేరి ఇన్ఫెక్షన్ రావచ్చు. చూసుకునే వారందరికీ ఈ సంగతి విడిగా చెప్పండి. జెట్ స్ప్రే ధాటికి కొందరు పిల్లలు బెదురుతారు కాబట్టి గోరువెచ్చని నీళ్ళతో మగ్గు వాడండి. కడిగిన తర్వాత మీ చేతులూ బిడ్డ చేతులూ సబ్బుతో కడుక్కోవడం ఆ పనిలో భాగంగానే మొదటి రోజు నుంచి సాగాలి. పసిపిల్లల మలంలో దోషం ఉండదన్న నమ్మకం చాలా ఇళ్ళలో ఉంది, అది సరికాదు. రోగకారక క్రిములు పెద్దల మలంలో ఉన్నట్టే అందులోనూ ఉంటాయి కనుక దాన్ని కాలువలో, పెరట్లో, చెత్తబుట్టలో వేయకుండా మరుగుదొడ్డిలోనే పోయాలి.

బట్టల్లో పోసినప్పుడు

మొదటి వారమంతా ఇల్లు తుడవడంతోనే సరిపోవచ్చు. పగటి అలవాటు స్థిరపడటానికి కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఐదారు నెలలు పడుతుంది, రెండూ మామూలే. బట్టల్లో పోసినప్పుడు గొంతు పెంచకుండా, ‘నిక్కరు తడిసింది, పొడిది వేసుకుందాం, ఈసారి పాటీలో పోద్దాం’ అని చెప్పి, తడి నిక్కరును బకెట్లో వేసే పని బిడ్డ చేతనే చేయించండి. అది శిక్షలా ఉండకూడదు, ఇంటి పనిలో ఒక పనిలా ఉండాలి.

‘ఛీ’ అనడం, ‘షేమ్ షేమ్’ అని పాడుతూ చుట్టూ చేరి నవ్వడం, పక్కింటి పాపతో పోల్చడం, బూచాడు పట్టుకుపోతాడని బెదిరించడం, చేయి చేసుకోవడం ఇవేవీ వద్దు. వచ్చిన బంధువులు ఆ మాటలు అంటుంటే మర్యాదగానే అయినా బిడ్డ ఎదుటే ఆపండి. సిగ్గుపడ్డ బిడ్డ మానేయడం నేర్చుకోదు, దాచడం నేర్చుకుంటుంది. దాచడంలోంచి బిగబట్టడం, దాంట్లోంచి మలబద్ధకం మళ్ళీ మొదలవుతాయి. మెచ్చుకునేటప్పుడు కూడా ఊరంతా చాటేలా కాకుండా, ‘నీకు వస్తోందని నువ్వే తెలుసుకుని వచ్చావు’ అని చేసిన పనిని చెప్పి మెచ్చుకోండి. గోడ మీది క్యాలెండరులో ఒక బొమ్మ స్టిక్కరు అంటించనివ్వడం బాగుంటుంది. ప్రతిసారీ చాక్లెట్ ఇస్తే పళ్ళు పాడవుతాయి, పైగా కొన్నాళ్ళకు చాక్లెట్ లేనిదే కూర్చోనని పేచీ వస్తుంది.

ఒంటికి చక్కగా పాటీలో పోస్తూ, రెంటికి మాత్రం డైపర్ కావాలని ఏడ్చే పిల్లలు చాలామంది ఉంటారు. డైపర్ ఇవ్వనని పంతం పట్టకండి. డైపర్ వేసి, అయితే బాత్రూములోనే ఉండి పోవాలని చెప్పండి. కొన్నాళ్ళకు డైపర్‌తోనే పాటీ మీద కూర్చోమనండి. ఆ తర్వాత డైపర్‌ను విప్పి పాటీలో పరిచి, దాని మీద కూర్చోనివ్వండి. ఒక్కొక్క మెట్టుకు వారం పట్టినా ఫరవాలేదు. రెండు వారాలపాటు రోజూ ఏడుపే అయితే మొత్తం శిక్షణను ఆపి, ఒకటి రెండు నెలల తర్వాత కొత్తగా మొదలుపెట్టండి.

బయటికి వెళ్ళినప్పుడు

బస్సు ప్రయాణాలకు, దర్శనం క్యూలకు, పెళ్ళిళ్ళకు రెండు జతల బట్టలు, ఒక ప్లాస్టిక్ సంచి, నీళ్ళ సీసా, వీలైతే చిన్న పాటీ వెంట ఉండాలి. బయలుదేరే ముందు ఒకసారి, చేరిన వెంటనే ఒకసారి మరుగుదొడ్డి చూపించండి. దారిలో దొరకదన్న భయంతో బిడ్డకు నీళ్ళు తగ్గించకండి, మన ఎండల్లో అది ప్రమాదం. రాత్రంతా సాగే ప్రయాణంలో డైపర్ వేయడం తప్పేమీ కాదు, ‘ఇది బస్సు కోసం’ అని చెప్పి వేస్తే బిడ్డ అర్థం చేసుకుంటుంది.

వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి, రాత్రి సంగతి ఏమిటి

మూత్రం పోసేటప్పుడు ఏడుపు, మంట, కారణం తెలియని జ్వరం, మలంలో రక్తం, ఎప్పుడు చూసినా చుక్కలు చుక్కలుగా మూత్రం కారడం, మగపిల్లల్లో ధార బలహీనంగా ఉండటం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. నెలల తరబడి చక్కగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి మళ్ళీ బట్టల్లో పోయడం మొదలుపెడితే, తమ్ముడో చెల్లెలో పుట్టడం, కొత్త బడి వంటి కారణం ఉందేమో చూడండి. దాంతో పాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం కూడా ఉంటే అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. నాలుగేళ్ళు నిండినా పగటి అలవాటు రాకపోతే కూడా సలహా తీసుకోవడం మంచిది.

రాత్రి పొడిగా ఉండటాన్ని పగటి శిక్షణతో కలపకండి. నిద్రలో మూత్రం తక్కువగా తయారయ్యేలా చేసే హార్మోను, నిండిన మూత్రాశయం నిద్రను తెరిపించే నాడీ వ్యవస్థ వాటి వేగంతో అవి ఎదుగుతాయి, వాటికి శిక్షణతో పని లేదు. పగలు పూర్తిగా అలవాటైన చాలా నెలలకు గాని, ఒక్కోసారి ఏళ్ళకు గాని రాత్రి అలవాటు రాదు. పడుకునే ముందు ఒకసారి పోయించి, రాత్రి డైపర్ వేసి, ఉదయం లేచేసరికి అది వరుసగా రెండు వారాలు పొడిగా ఉంటే అప్పుడు తీసేయండి. ఐదేళ్ళలోపు పక్క తడపడాన్ని జబ్బుగా చూడనక్కరలేదు. ఆ వయసు దాటాక కూడా తరచుగా తడుపుతుంటే బిడ్డను కోప్పడకుండా, మలబద్ధకం ఉందేమో ముందు గమనించి, ఆ వివరాలతో శిశువైద్యుణ్ణి కలవండి.